ఇంటిపేరు గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ ఇంటిపేరు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం అంత కుశలంగా లేము. మీరెప్పుడూ కుశలమే కాబట్టి అడగను.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్లో క్విజ్ పెట్టారు. ప్రశ్నలు తయారుచేసే పని నాది. నలభై ఏడో ప్రశ్న దాకా ఏ గొడవా లేదు. నలభై ఎనిమిదోది ఇదీ: "కర్లింగ్‌లో హారీ లిల్‌తో ఏళ్ల తరబడి జోడీగా ఆడుతున్న ఎస్టోనియా క్రీడాకారిణి ఎవరు?" బి బ్లాక్ నుంచి తొమ్మిదో క్లాసు పిల్లాడు ఠక్కున లేచి "మారీ టర్మాన్" అన్నాడు. నా కాగితంలో "మారీ కల్ద్వే" అని ఉంది. తప్పన్నాను. ప్రశ్న సి బ్లాక్‌కి వెళ్లింది. వాళ్లు "కల్ద్వే" అన్నారు. చప్పట్లు కొట్టారు.

అప్పుడా పిల్లాడు ఫోన్ తీసి నా కళ్లముందు పెట్టాడు. ఏదో పాత టోర్నమెంటు పట్టిక. ఎస్టోనియా, హారీ లిల్, పక్కన మారీ టర్మాన్.

"ఆవిడే ఈవిడ నాన్నా. ఇంటిపేరు మారింది" అన్నాను.

"ఆవిడే అయితే నాది తప్పెలా అవుతుంది ఆంటీ?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

ఆ తర్వాత ముప్పావు గంట యుద్ధం జరిగింది. సెక్రటరీ గారు వచ్చారు, ప్రెసిడెంట్ గారు వచ్చారు, కర్లింగ్ అంటే "ఆ చీపుర్ల ఆటేనా" అని అడిగిన పెద్దాయన కూడా తన తీర్పు తాను చెప్పారు. చివరికి ఇద్దరికీ మార్కులిచ్చాం. రెండు జట్లూ సమానమయ్యాయి. ఉన్నదేమో ఒక్కటే స్టీలు డబ్బాల సెట్టు. రెండోది నా డబ్బుతో నేనే కొన్నాను. బిల్లు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను, వీలు చూసుకుని సర్దగలరు.

డబ్బాల సంగతి పోనివ్వండి. ఆ రాత్రి నిద్ర పట్టక మళ్లీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఒక మనిషి ఆటని మొదటినుంచి చదువుదామని అనుకుంటే రెండు పేర్లతో రెండుసార్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక పేరు కింద ఎదుగుతున్న అమ్మాయి కనిపిస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి కనిపించదు. ఇంకో పేరు కింద ఒకావిడ బాల్యం, ఓటములు ఏమీ లేకుండా, నేరుగా పతకాల దగ్గర ఊడిపడుతుంది. తెలియనివాళ్లు చూస్తే మొదటావిడ ఆట మానేసిందనుకుంటారు, రెండో ఆవిడ అదృష్టవంతురాలనుకుంటారు. దీనికి మించి మీరు చేయగలిగిన అన్యాయం ఇంకేముంది చెప్పండి?

పేరెందుకు మార్చుకుందన్నది ఆవిడ ఇష్టం, నాకనవసరం. నా గొడవ ఆవిడతో కాదు, మీతో.

అసలు ఆ ఆట ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? దాదాపు ఇరవై కిలోల గ్రానైట్ రాయి. నలభై అయిదు మీటర్ల మంచు బాట. ఆ మంచు కూడా అద్దంలా నున్నగా ఉండదు. దానిమీద నీటి చుక్కలు చల్లుతారు, అవి గడ్డకట్టి సన్నటి బొడిపెలవుతాయి, వాటిమీద రాయి జారుతుంది. మిక్స్‌డ్ డబుల్స్‌లో మనుషులే ఇద్దరు కాబట్టి రాయి ఇంకాస్త దూరం జారేలా మంచు ఊడ్చడానికి వేరే మనుషులుండరు. చాలాసార్లు, ఒంటికాలి మీద జారుతూ, మంచుకి మోకాలు ఆనేంత వంగి రాయి వదిలిన మనిషే, మరుక్షణం లేచి, దాని వెనకాల పరుగెత్తి, ముందుకెళ్లి బ్రష్‌తో రుద్దాలి. ఒక్కో విడతకి (ఎండ్ అంటారు) జట్టుకి అయిదు రాళ్ల చొప్పున ఎనిమిది ఎండ్‌లు. సంవత్సరాల తరబడి. ఆ పరుగంతా పరుగెత్తింది మారీ. పట్టికలో పైన కూర్చున్నది మాత్రం మీరు.

2024 ఏప్రిల్లో మారీ, హారీ ఇద్దరూ స్వీడన్‌లోని ఓస్టర్‌షుండ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడారు. ఎస్టోనియా మొత్తం జనాభా మన పాత ఉమ్మడి జిల్లాల్లో ఏ ఒక్కదానికీ సాటిరాదు. అలాంటి దేశానికి కర్లింగ్‌లో ప్రపంచ పతకమంటే అదే మొదటిది. బంగారం ఎవరికెళ్లిందో తెలుసా? ఇసబెల్లా వ్రనో, రాస్ముస్ వ్రనో. అక్కడి అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో, మొత్తానికి ఒకే ఇంటిపేరు. వాళ్ల జోలికి మీరు వెళ్లలేదు చూశారా! ఇక హారీ లిల్ గారు మొదట్లోనూ లిల్లే, ఇప్పుడూ లిల్లే. లిల్ అంటే వాళ్ల భాషలో పువ్వు. ఆయన పువ్వు పూసినచోటే ఉంది, పక్కనే ఆడుతున్న ఆవిడకి మాత్రం కొమ్మ మారింది.

మారీ తోడబుట్టిన లీసా టర్మాన్ కూడా కర్లరే. ఎస్టోనియా మహిళల జట్టుకి స్కిప్‌గా, అంటే కెప్టెన్‌గా, ఆడింది. పట్టిక చూస్తే వీళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేనట్టుంటుంది. అమెరికా కోరీ క్రిస్టెన్సన్ మీకు గుర్తుందా? 2023లో మిక్స్‌డ్ డబుల్స్ ప్రపంచ విజేత అయ్యేనాటికి ఆవిడ కోరీ థీసీ. స్కాట్లాండ్ కర్లర్ ఈవ్ మ్యూర్‌హెడ్ లాంటివాళ్ల దగ్గర మాత్రం మీరు ఒద్దికగా పడి ఉన్నారు. మనిషిని బట్టి మర్యాద కాబోలు.

పోనీ మీరేమన్నా ఆ నేలమీద ఆదినుంచీ ఉన్నవారా అంటే అదీ కాదు. ఎస్టోనియా పల్లెల్లో రైతులకి ఇంటిపేర్లు పంచిపెట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో, భూదాస్యం రద్దయ్యాక. అంతకుముందు వాళ్లు మీరు లేకుండానే దున్నుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ పంచిపెట్టడంలో జర్మన్ తోకలున్న పేర్లు బోలెడు తగిలించారు. 1930లలో మళ్లీ ఉద్యమంలా దాదాపు రెండు లక్షల మంది ఆ తోకలు పీకేసి ఎస్టోనియన్ పేర్లు పెట్టుకున్నారు. దేశం దేశమే మిమ్మల్ని చొక్కా మార్చినట్టు మార్చింది. అంటే మీరు మారగలరు, మారితే ఆకాశమేం ఊడిపడదు. మరి మారినప్పుడు వెనకాల ఉన్న చరిత్రని వెంట తెచ్చుకోవడానికి ఏమొచ్చింది?

ఇంకో తమాషా చెప్తాను. ఆ భాషలో ఆయన, ఆవిడ అన్న తేడా లేదు. ఇద్దరికీ ఒకటే మాట, 'తేమ'. మనకి తేమ అంటే తడి. వాళ్లకి తేమ అంటే మనిషి ఆడైనా మగైనా ఒకటే. అంత చక్కటి భాషలోకి కూడా మీరు దూరి మీ పని మీరు కానిచ్చారు. కామెంటేటర్లు 'వీ' అని పలికే ఆ పేరు చివరి 'వే' అంటే నీటి అని అర్థమట. మంచుమీద బతికే మనిషికి సరిపోయిన పేరే, ఒప్పుకుంటాను. ఒప్పుకోవడానికి ఒళ్లు మండుతోంది, అయినా.

ఇదంతా ఎక్కడో చల్లటి దేశం గోల, నీకెందుకు అంటారేమో. క్విజ్ అయిన మర్నాడే, అంటే సోమవారం, బ్యాంకుకి వెళ్లాను. డిగ్రీ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు. ఆధార్‌లో అత్తింటి పేరు. పాన్‌లో రెండూ కాకుండా ఒక పొడి అక్షరం. కౌంటర్లో అమ్మాయి మూడింటినీ వరసగా పేర్చి, నన్ను ఒకసారి, వాటిని ఒకసారి చూసి, "మేడమ్, ఈ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెండి" అంది.

ముగ్గురూ! ఎదురుగా నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను.

ఏమయ్యా, నీకు సిగ్గుందా? నేను చదివిన చదువు నీది కాదు. ఆ అమ్మాయి రుద్దిన మంచు నీది కాదు. నువ్వు ఒక్కరోజు చలికి చేతులు కొంకర్లు పోయి ఎరగవు, ఒక్క పరీక్షకి టెన్షన్ పడి ఎరగవు. ఒక్క సంతకంతో వస్తావు, ఒక్క సంతకంతో పోతావు, పోతూ పోతూ మా పదేళ్లూ మూటగట్టుకుని పోతావు. తిరిగి తెచ్చుకోవాలంటే నోటరీ దగ్గర వంద రూపాయల స్టాంపు పేపరు మేం కొనాలి!

క్షమించండి. నోరు జారింది. పెద్దవారు.

నిజానికి మా తాతగారి ఊరు ఇప్పుడు మ్యాపులో వెతికినా దొరకదు. ఆ ఊరి పేరు మా పుట్టింట్లో మీరే మోస్తున్నారు. అది చూసినప్పుడల్లా మీమీద కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం అలాగే ఉంచుకుంటాను, అవసరం పడుతుంది.

మారీ 2026 ఫిబ్రవరిలో ఇటలీలోని కోర్టినాలో శీతాకాల ఒలింపిక్స్‌లో కూడా ఆడింది. ఒలింపిక్స్‌లో ఎస్టోనియా కర్లింగ్ ఆడటం అదే మొదటిసారి. అందులో కల్ద్వేనే ఉంది. బి బ్లాక్ పిల్లాడు ఇప్పుడు పుస్తకంలో టర్మాన్ పక్కన పెన్సిల్‌తో కల్ద్వే అని రాసుకున్నాడు. చెరపకుండా, రెండూ ఉండేట్టు. వచ్చే క్విజ్‌కి ప్రశ్నలు వాడే తయారుచేస్తాడట. ఎవరి పూర్తిపేరూ అడగడట.

ఇట్లు,
(సంతకం: నమూనాతో సరిపోలలేదు)