చిరంజీవి ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు ఆశీర్వదించి వ్రాయునది

అనంతపురం, కమలానగర్,
రెండో అంతస్తు.

ఉభయకుశలోపరి. నువ్వు మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు నేను తప్ప ఇంట్లో ఎవరూ నీ గొంతు వినలేదు. కొత్త కోడలికి కూడా ఇంత అణకువ ఉండదని మా అమ్మ నిన్ను తెగ మెచ్చుకుంటోంది. నాకు ఆ అణకువ మీదే అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అట్టపెట్టెలో వచ్చావు కాబట్టి దారిలో ఊరు చూసి ఉండవు. మా జిల్లాలో ఒక వాద్యం పేరే ఉరుములు. దాన్ని వాయిస్తూ ఆడితే ఉరుముల నృత్యం. వాన సరిగా పడని సీమ కదా, ఆకాశం ఉరమకపోతే మనమే ఉరుముదామని ఎవరో పెట్టుకున్న పేరేమో అని నాకొక ఊహ. గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లు లేచినప్పుడు తప్పెట మోత గుండెల్లో దిగుతుంది, చెవులతో పనే ఉండదు. అలాంటి చోటికి వచ్చి నువ్వేం చేశావు? నా నెత్తిన హెడ్‌ఫోన్లు తగిలించి, "నీ ఒక్కడికే వినిపిస్తాను, ఎవరికీ చెప్పకు" అన్నావు. ఇది వాద్యం చేసే పనా, చాడీలు చెప్పేవాళ్ళు చేసే పనా?

నీకు ముందు నా దగ్గర మామూలు డ్రమ్స్ ఉండేవి. నీ భాషలో అకౌస్టిక్. ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన దగ్గర పాతవి కొన్నాను. మోత ఊరంతా పరుచుకోకుండా 22 అంగుళాల బేస్ డ్రమ్ పొట్టలో ఒక దుప్పటి కుక్కేవాడిని. ఆ దుప్పటి కోసం మా అమ్మ ఇల్లంతా వెతికి, చివరికి మా పిన్నిని అనుమానించి, రెండు నెలలు మాట్లాడటం మానేసింది. స్నేర్ అనే చిన్న డ్రమ్ మరీ గణగణలాడితే దాని మీద నా పర్సు పెట్టేవాడిని. ఒకటో తారీఖున మోత చక్కగా అణిగేది. నెలాఖరుకు పర్సు తేలికై మోత మళ్ళీ పెరిగేది. నా జీతం ఎంతో వీధికంతా తెలిసింది అలాగే.

ఇంకో సంగతి. స్నేర్ కింద సన్నని తీగలు ఉంటాయి చూడు, వంటింట్లోంచి అమ్మ గట్టిగా పిలిస్తే అవి సరసరలాడేవి. ఎవరూ ముట్టుకోకుండానే. నేను పలకకపోయినా నా డ్రమ్ పలికేది. మొన్న అమ్మ నాలుగుసార్లు పిలిచిందట. నువ్వూ పలకలేదు, నేనూ పలకలేదు. అన్నం చల్లారిపోయింది.

మరి ఎందుకు కొన్నావంటావా? ఫ్లాటుకు మారాం కాబట్టి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. నా పాత స్నేర్ ఒక్క దెబ్బకే నూరు దాటేది. ఆ లెక్కన నాకు రోజుకు అర దెబ్బ కొట్టే హక్కు కూడా మిగల్లేదు.

నీలో మంచి లేదని అనను. అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా కూర్చుంటావు. నేను లయలో ముందుకు పరుగెత్తుతున్నానని తెర మీద ఎర్రగా చూపిస్తావు. పాత డ్రమ్స్ మీద పదేళ్ళు ఇలాగే పరుగెత్తాను, అందరూ దాన్ని ఉత్సాహం అనుకున్నారు. ఆ ఒక్క విషయంలో నీ అంత నిజాయితీపరుడు లేడు.

మిగతా అన్నింటిలో నువ్వు ముఖస్తుతికి పుట్టినవాడివి. నీ చర్మం కింద పీజో స్ఫటికం ఉంటుంది. దెబ్బ తగిలితే దానిలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. మిడి అని ఎలక్ట్రానిక్ వాద్యాలు మాట్లాడుకునే భాష ఒకటుంది, దాని లెక్క ప్రకారం నువ్వు నా దెబ్బకు 1 నుంచి 127 లోపు ఒక మార్కు వేస్తావు. మా మాస్టారు కూడా నూటికే వేసేవారు. ఆ తరువాత, ఎప్పుడో ఎక్కడో ఒక స్టూడియోలో ఎవరో మహానుభావుడు కొట్టిన దెబ్బను పెట్టెలోంచి తీసి నా చెవిలో వేస్తావు. కొట్టేది నేను, మోగేది ఆయన. పిట్ట కొంచెం, కూత అరువు. పైగా "స్టేడియం" అని ఒక బొత్తాం. పదడుగుల గదిలో, ఉతికి మడత పెట్టని బట్టల పక్కన కూర్చుని అది నొక్కుతాను. వేలమంది మధ్య వాయిస్తున్నట్టు ప్రతిధ్వని. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఉన్న జనం ఒక్కటే, మా ఇస్త్రీ పెట్టె.

ఒక్కోసారి ఒక పలక మీద కొడితే పక్క పలక మోగుతుంది. క్రాస్‌టాక్ అంటారట. ఒకరింట్లో గొడవైతే పక్కింటి కిటికీ తెరుచుకున్నట్టు. ఇది ఒక్కటే నువ్వు మా వీధి దగ్గర నేర్చుకున్నట్టుంది.

నీ వంశ చరిత్ర కూడా కొంచెం చదివాను. 1981లో సిమ్మన్స్ వారి ఆరు మూలల పలకలు వచ్చాయి. ఎంత గట్టివంటే వాయించినవాళ్ళ మణికట్లు వాచాయి. 1997లో రోలండ్ వారు రెమో కంపెనీతో కలిసి పలకలకు వల లాంటి పొర తొడిగాక చేతులకు కాస్త ప్రాణం వచ్చింది. నీ పెద్దనాన్న ఆక్టోపాడ్ అయితే మా పెళ్ళి పందిళ్ళకు పాత కాపే. ఎనిమిది గడులు, ఒక మనిషి, మోత మాత్రం పదిమందిది. మా వైపు తప్పెటను పలక అని కూడా అంటారు. ఎనిమిది గడుల ఈ పలక వచ్చి ఆ పలకను పందిరి బయట కూర్చోబెట్టింది. ఆ రోజు కూలి ఎవరికి తప్పిందో ఆక్టోపాడ్ తెర మీద కనపడదు.

అలాగని పాత డ్రమ్స్ పక్షాన ప్రమాణం చేసి చెప్పడానికీ లేదు. "అసలైన తోలు నాదం" అని మురిసిపోయేవాళ్ళకు ఒక మాట: 1957లో రెమో బెల్లీ ప్లాస్టిక్ పొరను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి ఆ డ్రమ్స్ మీద దూడ తోలు దాదాపు లేదు. తోలంటే తప్పెటదే. వాయించే ముందు మంట దగ్గర కాచి, వేలితో మీటి చూసి, మళ్ళీ కాస్తారు. నిన్ను అలా కాస్తే వారంటీ పోతుంది.

ఇక అసలు ఫిర్యాదు. కింది ఇంటి అవ్వ ఒక రోజు మెట్లెక్కి వచ్చి, "నాయనా, రోజూ రాత్రి ఏమి దంచుతున్నారు? కారమా, పసుపా? రోకలి పోటు మా నెత్తినే పడుతోంది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నీ గొంతు హెడ్‌ఫోన్లలోకి వస్తుంది సరే, నా కాలు పెడల్ మీద వేసే దెబ్బ నేలలోంచి నేరుగా వాళ్ళ కప్పులోకి దిగుతోంది. సంగీతమంతా నాకు, దంపుడంతా ఆమెకు! రెండు చెక్కల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి నిన్ను దాని మీద నిలబెడితే అదురు తగ్గుతుందన్నారు. ఇరవై నాలుగు బంతులు తెచ్చాను. వీధిలో క్రికెట్ ఆడే పిల్లలు అప్పటి నుంచి మా ఇంటి వైపు ఎలా చూస్తున్నారంటే, ఆ చూపులు తట్టుకోలేక ఆరు ఇచ్చేశాను. ఇప్పుడు నువ్వు ఒక పక్కకు ఒరిగి ఉన్నావంటే కారణం అదే.

అవ్వకు నిజం చెప్పక తప్పలేదు. కుర్చీ వేసి, హెడ్‌ఫోన్లు పెట్టి, వాయించాను. కదలకుండా వింది. తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇంత మోత దాచుకుని నాకు రోకలి పోటు పంపిస్తావా?" అంది. తరువాత, "దీంట్లో పీర్ల పండగ తప్పెట వస్తుందా?" అని అడిగింది.

వెతికాను. కాంగా ఉంది. బాంగో ఉంది. జపాన్ వాళ్ళ టైకో ఉంది. తబలా, ఢోలక్ ఉన్నాయి. ఎద్దు మెడ గంట కూడా ఉంది, కౌబెల్ అనే పేరుతో. అవ్వ అడిగింది మాత్రం లేదు.

"పోనీలే" అని లేచి, వెళుతూ వెళుతూ మా బీరువా తలుపు మీద నాలుగు వేళ్ళతో, మడిచిన చూపుడు వేలి కణుపుతో అర నిమిషం వాయించింది. పక్క గదిలోంచి మా పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటి నాన్నా ఆ చప్పుడు?" అన్నాడు. నువ్వు వచ్చాక ఈ గదిలోంచి మోత విని వాడు రావడం అదే మొదటిసారి.

వాడు ఇప్పుడు రోజూ బీరువా మీద వాయిస్తున్నాడు. మా ఆవిడ నన్ను తిడుతోంది. వాడికి ఏమి చెప్పాలో నువ్వే జవాబు రాయి. హెడ్‌ఫోన్లు లేకుండా వినపడేట్టు రాయి.

ఇట్లు,
నీ యజమాని
(నాలుగు వాయిదాలు ఇంకా బాకీ)