తిట్టని చోట తినరాదు

మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "మామయ్యా, మీ ఏరియాలో టిఫిన్‌కి ఇదే టాప్. నాలుగున్నర స్టార్లు" అన్నాడు. చూశాను. ఏసీ ఉంది. నీలం గోడలున్నాయి. ఇడ్లీ మీద ఒక పుదీనా ఆకు నిటారుగా నిలబెట్టి ఉంది. "లోపలికి వెళ్లగానే నవ్వుతూ స్వాగతం చెప్తారట" అని కింద రాసింది కూడా చదివి వినిపించాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఈ ఊళ్లో ముప్పయ్యేళ్లుగా తింటూ, బట్టలు కుట్టించుకుంటూ, స్కూటరు బాగుచేయించుకుంటూ బతుకుతున్న పౌరుణ్ణి కాబట్టి బాధ్యతగా ఒక సంగతి చెప్తున్నాను. విశాఖపట్నంలో మంచి దుకాణానికి గుర్తు స్టార్లు కావు. యజమాని మనల్ని ఎంత తక్కువ లెక్కచేస్తే అక్కడ సరుకు అంత బాగుంటుంది. ఇందులో వింతేమీ లేదు. మర్యాద ఖర్చుతో కూడిన పని. నవ్వే మనిషికి జీతమివ్వాలి, నీలం గోడకి రంగు వెయ్యాలి. ఆ డబ్బు ఎక్కణ్ణించో ఒకచోట నుంచి రాబట్టాలి కదా. మామూలుగా చట్నీలోంచి రాబడతారు.

ఊరికి చుట్టాలొస్తే మనం చెప్పే జాబితా వేరు. భోజనానికి దసపల్లా, డాల్ఫిన్ అంటాం, టిఫిన్‌కి ద్వారకానగర్‌లో సాయిరాం పార్లర్ అంటాం. సాయంత్రం సబ్‌మెరైన్ చూపించి, కైలాసగిరి రోప్‌వే ఎక్కించి, వెళ్లేటప్పుడు మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెట్టి స్టేషన్లో దింపేస్తాం. అవన్నీ మంచివే, కాదనను. కానీ అవి ఊరి మర్యాద కోసం ఉన్నవి. మన ప్రాణం పడుండే చోట్లు వేరే ఉంటాయి. వాటికి బోర్డుండదు. ఉన్నా ఆ పేరుతో ఎవరూ పిలవరు.

మద్దిలపాలెం దగ్గర మా వీధి మొగలో ఒక ఇడ్లీ బండి ఉంది. దాని పేరు 'చెట్టు కింద ఇడ్లీ'. ఆ చెట్టు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి వేళ్లతో సహా పడిపోయింది. బండి అక్కడే ఉంది, పేరూ అక్కడే ఉంది. ఇప్పటికీ ఎవరడిగినా 'చెట్టు కింద' అనే చెప్తాం. సినిమా హాలు పేరు మీద పిలిచే జగదాంబ జంక్షన్‌లో దిగేవాళ్లందరూ సినిమాకే వస్తున్నారా ఏమిటి? ఊరన్నాక కొన్ని చిరునామాలు నమ్మకం మీద నడుస్తాయి. మావాడు మాత్రం ఫోన్లో మ్యాపు పెట్టుకుని చెట్టు కోసం రెండు సార్లు వీధి కొలిచాడు.

ఎనిమిదింపావు. బండి చుట్టూ ఇరవై మంది. లైను లేదు, టోకెన్ లేదు. ఎవరి తర్వాత ఎవరొచ్చారో, ఎవరికి కారప్పొడి పడదో, ఎవరు నిన్న డబ్బులిస్తానని చెప్పి మర్చిపోయారో అంతా బండామె బుర్రలో ఉంటుంది. పెద్ద అల్యూమినియం పాత్ర మూత తీసిందంటే ఆవిరికి మనిషి కనపడదు. ఆ ఆవిర్లోంచే గుడ్డ ఇడ్లీల పళ్లెం పైకి తీస్తుంది, బోర్లిస్తుంది, గుడ్డ వెనకాల కాసిని నీళ్లు చిలకరిస్తుంది, ఒక్క లాగు. ఇడ్లీలన్నీ అంచు విరగకుండా ఊడొస్తాయి, గుడ్డ నేత అచ్చు వాటి వీపు మీద ఉంటుంది. నాకు తెలిసి ఆ అచ్చే ఈ హోటలు ట్రేడ్‌మార్కు.

మావాడు చదువుకున్నవాడు. "ఆంటీ, మెనూ ఉందా?" అన్నాడు.

ఆమె గుడ్డ మీంచి చూపు తిప్పలేదు. "మెనూ ఏటి బాబూ? ఎదురుగుండా ఉన్నాది గదా. కళ్లు లేవేటి?"

వాడు ఎర్రబడ్డాడు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. వాడు అంతటితో ఆగితే బాగుండేది. "పోనీ, సాంబార్ ఉందా?" అన్నాడు.

"సాంబారు కావాలంటే మీ యమ్మని పెట్టమను."

వాళ్లమ్మ అంటే మా అక్క. ఆవిడ సాంబారు సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి నేనేమీ మాట్లాడలేదు. ఈలోగా వాడి ప్లేట్లో నాలుగిడ్లీలు, పల్లీ చట్నీ పడ్డాయి. అడక్కుండానే పక్కన అల్లం చట్నీ కూడా పడింది. చాలామంది గమనించరు గానీ ఇదే ఇక్కడి పద్ధతి. తిట్టు పడ్డవాడికి అల్లం చట్నీ ఎగస్ట్రా. నేనైతే ఆకలి బాగా ఉన్న రోజున కావాలనే "ఇంకా ఎంతసేపండీ?" అంటాను.

హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. తుపాను దాటిన మూడో రోజున మా వైపు కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. నవ్వుతూ స్వాగతం చెప్పే చోట్లన్నీ షట్టర్లు దించుకున్నాయి. బండామె మాత్రం పడిపోయిన చెట్టు కొమ్మలే నరికి మూడు రాళ్ల మధ్య పెట్టి పెద్ద డేగిసాలో ఉప్మా కెలుకుతోంది. "గ్రైండరు లేదు, పిండి లేదు. ఉప్మా తినీసి ఎల్లండి, పేర్లు పెట్టకండి" అంది. పచ్చికొమ్మల పొగకి అందరం ఏడుస్తూ తిన్నాం. అవతల కొవ్వొత్తికీ పాలపాకెట్‌కీ చెప్పిందే ధరగా ఉన్న ఆ రోజుల్లో ఆమె ప్లేటు రేటు రూపాయి పెరగలేదు. ఆ రోజు కూడా ఆమె నవ్వలేదు.

టైలర్ల దగ్గరికొస్తే ఈ సూత్రం శాస్త్రం స్థాయికి వెళ్తుంది. నా టైలరు డాబాగార్డెన్స్ సందులో ఉంటాడు. మూడు రోజుల్లో కుట్టి మెసేజి పెట్టే వాళ్లు ఊరినిండా ఉండగా నేను ఇరవయ్యేళ్లుగా ఇతని దగ్గరికే ఎందుకు వెళ్తున్నానో మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. కిందటేడు ఉగాదికి ముందు ప్యాంటు గుడ్డ ఇచ్చాను. "శనివారం రండి" అన్నాడు. ఏ శనివారమో అడగడం మర్యాద కాదు. ఉగాది వెళ్లింది, సింహాచలంలో చందనోత్సవం అయింది, వినాయకుణ్ణి నిమజ్జనం చేశాం. ఎప్పుడు వెళ్లినా "అంతా అయిపోయిందండి, కాజాలొక్కటే బాకీ" అన్నాడు. కాజాలు కుట్టే కుర్రాడు శ్రీకాకుళం వెళ్లాడట. ఆ కుర్రాణ్ణి నేను ఈ ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ చూడలేదు. అతను దేవుడిలాంటివాడు, ఉన్నాడని నమ్మడమే.

1969లో నేవీలో చేరిన కుర్సురా జలాంతర్గామి 2001 దాకా పనిచేసింది. దాన్ని సముద్రంలోంచి లాక్కొచ్చి, ఆర్కే బీచ్ ఇసకలో నిలబెట్టి, 2002లోనే మ్యూజియంగా తెరిచేశారు. అంత పెద్ద ఇనప సరుకు అంత త్వరగా ఒడ్డు చేరగా, మీటరుం పావు టెర్లిన్ గుడ్డ ఈ సందులోంచి ఎందుకు రాలేకపోతోందా అని నేను కూడా అప్పుడప్పుడూ ఆలోచించేవాణ్ణి.

చివరికి దసరాకి వచ్చింది. ఇంటికెళ్లి వేసుకుంటే నడుము రెండంగుళాలు వదులు. తిరిగి వెళ్లి అడిగాను. అతను నోట్లో గుండుసూదులు తియ్యకుండానే, "మీరు తీసుకెళ్లే టైముకి కొంచెం ఒళ్లు చేస్తారు కదండీ, ముందే లెక్కేసి పెట్టాను. మీరే చెయ్యలేదు" అన్నాడు. క్షమాపణ చెప్పి వచ్చేశాను. ఇప్పుడా ప్యాంటు సరిగ్గా సరిపోతోంది.

మెకానిక్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్కూటర్‌ని ముట్టుకోడు, దూరం నుంచి శబ్దం విని "ప్లగ్గు" అంటాడు, మళ్లీ టీ తాగుతాడు. ప్లగ్గే అవుతుంది.

చేపల విషయంలో మాత్రం కాస్త ఆగాలి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని మరబోట్లని కట్టేయిస్తారు. ఫిషింగ్ హార్బర్‌లో అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఊగుతూ ఉంటాయి. నా లెక్కలో ఆ 61 రోజులూ ఊళ్లో నిజాయితీకి సంవత్సర పరీక్షలు. ఒక మే నెలలో మా ఆఫీసువాళ్లం ఒక పెద్ద చోటికి వెళ్తే, తెల్ల చేతి తొడుగులు వేసుకున్న కుర్రాడు వంగి, "ఈరోజు తెల్లవారుజామున పట్టిన వంజరం సార్" అన్నాడు. ఎవరు పట్టారు నాయనా, ఏ బోటు మీద వెళ్లి, అని అడగాలనిపించింది. తొడుగులు చూసి ఊరుకున్నాను. అదే వారం మా గుమ్మంలో తట్ట దించిన చేపలామె, "ఇప్పుడు ఏట నేదు బాబూ. ఇది అయిసులోది. తింటే తిను, నేకపోతే మానీ" అంది. మారు మాట్లాడకుండా కొన్నాను. పైగా బేరమాడినందుకు ఇంకో రెండు మాటలు పడ్డాను.

బీచ్‌లో మురీ మిక్చర్ వాళ్లకైతే తిట్టే తీరిక కూడా ఉండదు. మా బండతను సముద్రం వైపు చూస్తూ డబ్బాలో మరమరాలు, ఉల్లి, టమాటా, పల్లీలు వేసి గరిటె తిప్పుతాడు, నిమ్మకాయ పిండుతాడు. కారం తక్కువ వెయ్యమంటే వినపడనట్టు ఉంటాడు. సముద్రపు హోరు ఉంది కదా, నిజంగానే వినపడలేదేమో. పొట్లం కాగితం ఏదో కోచింగ్ సెంటర్ పరీక్ష పేపరు, మీద ఎర్రసిరాతో ఇరవైకి ఆరు. అది ఎవరి పిల్లాడిదో ఆలోచిస్తూ, అట్టముక్క చెంచాతో తింటూ కూర్చుంటే ఆ అయిదు నిమిషాలూ జీవితంలో మనకేమీ తక్కువ కానట్టే ఉంటుంది.

ఇవన్నీ చూశాక నగరపాలక సంస్థవారికి ఒక మనవి చేసుకోవాలని కాగితం తీశాను. ప్రతి దుకాణం ముందూ స్టార్లకి బదులు తిట్ల పట్టీ పెట్టించాలి. కసురుకుంటే మూడో తరగతి. విసుక్కుంటే రెండో తరగతి. మనం వచ్చిన సంగతే గమనించకపోతే మొదటి తరగతి. "ఇక్కడ నచ్చకపోతే ఇంకో చోటికెళ్లండి" అనగల వాళ్లకి పన్ను రాయితీ ఇవ్వాలి. చిరునవ్వు నవ్వేవాళ్ల వంటగదులు ఆకస్మికంగా తనిఖీ చెయ్యాలి. జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్లో తెల్లవారుజామున అయిదింటికి ఉల్లిపాయలు కొని బతికి బయటపడ్డవాళ్లని తనిఖీ కమిటీలో వెయ్యాలి. వాళ్లకి తిట్ల నాణ్యత తెలుసు. ఇలా రెండు పేజీలు రాశాను. జిరాక్సు తీయించడానికి వెళ్తే షాపు కుర్రాడు "పెద్దాయనా, అక్షరాలు తిన్నగా రాయొచ్చు గదా" అన్నాడు. జిరాక్సులు చాలా బాగా వచ్చాయి.

ఆ మనవి ఇవ్వకముందే ఉపద్రవం వచ్చింది. తప్పు నాదే. మా మేనల్లుణ్ణి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి ఇంటికొచ్చాను. రైలు అనకాపల్లి దాటేలోపు వాడు ఫోనులో రాసేశాడు. అయిదు స్టార్లు, ఇడ్లీ వీపు మీద గుడ్డ అచ్చు దగ్గర్నుంచి తీసిన ఫోటో, పక్కన 'ఆంటీ తిట్లు సూపర్' అని. నాకు ప్రేమగా లింకు కూడా పంపాడు.

తర్వాత నేను మా చిన్నమ్మాయి కాన్పుకని రెండు నెలలు రాజమండ్రిలో ఉండిపోయాను. తిరిగొచ్చిన మర్నాడు ఎనిమిదింపావుకి బయల్దేరాను. వీధి మొగలో ముందు బోర్డు కనిపించింది. 'చెట్టు కింద ఇడ్లీ', పక్కన పచ్చగా నిండా కొమ్మలతో చెట్టు బొమ్మ. అసలు చెట్టు కూడా అంత పచ్చగా ఎప్పుడూ లేదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, లైనులో కుర్రాళ్లు, అందరి చేతుల్లో ఫోన్లు పైకెత్తి. తిట్టమని ఎవరో అడుగుతున్నారు కూడా, వీడియో కోసం. డబ్బులు పడ్డాయని చిన్న డబ్బా ఒకటి ఆగకుండా అరుస్తోంది.

నేను మామూలుగా నిలబడే చోటికి, గ్యాస్ సిలిండరు పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఆమె చీర మీద ఏప్రాన్ ఉంది. నన్ను చూసింది.

"నమస్తే సార్. టోకెన్ తీసుకోండి సార్" అంది.

సార్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. సిలిండరు తప్ప ఎవరూ లేరు. టోకెన్ తీసుకున్నాను. నంబరు పిలిచాక ప్లేటు అందుకున్నాను. ఇడ్లీ వీపు మీద గుడ్డ అచ్చు అలాగే ఉంది గానీ, దాని మీద పుదీనా ఆకు నిలబెట్టి ఉంది. అల్లం చట్నీ లేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, గొంతు సవరించుకుని, ఇరవై మంది వినేలా గట్టిగా అడిగాను.

"సాంబార్ ఉందా?"

"ఉంది సార్" అంది, నవ్వుతూ.