కళ్లు చెదరగొట్టే హెడ్‌లైట్లను ఆపాలి

రాత్రిపూట రాష్ట్ర రహదారుల మీద బండి నడిపేవారిని ఎవరినైనా అడగండి, ఈ మధ్య ఎదురొచ్చే కార్ల లైట్లను తట్టుకోలేకపోతున్నామనే చెబుతారు. డిప్పర్ కొట్టినా లాభం ఉండదు. ఆ కారు అప్పటికే డిమ్‌లో ఉంటుంది. హాలోజన్ బల్బు పీకేసి ఆ చోట ఎల్‌ఈడీ బిగించడంతో వస్తున్న తంటా ఇది. కారు దాటిపోయాక కూడా కొన్ని క్షణాలు కళ్లకు ఏమీ ఆనదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ కాస్త దూరంలోనే వెనక లైటు లేని ట్రాక్టరో, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లో, పొలం నుంచి నడిచొస్తున్న మనిషో ఉండొచ్చు.

తప్పు ఎల్‌ఈడీది కాదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే కార్లలో రిఫ్లెక్టర్, లెన్సు దానికి తగ్గట్టే ఉంటాయి. హాలోజన్ కోసం చేసిన హెడ్‌లైట్‌లో దాన్ని దూర్చడంతోనే చిక్కు. మన కార్లలో విరివిగా వాడే హెచ్4 బల్బును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. గాజు లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 60 వాట్లు, డిమ్‌కు వాడేది 55 వాట్లు. ఈ డిమ్ ఫిలమెంటు కింద గోరంత లోహపు గిన్నె కనిపిస్తుంది. వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి తగిలి పైకి లేవకుండా ఆపేది అదే. ఎల్‌ఈడీ బల్బులో ఒక పలుచని కడ్డీకి అటూ ఇటూ చిప్‌లు అతికించి ఉంటాయి. వెలుగు పుట్టే చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా బీమ్ చెదిరిపోయి ఎదుటివారి ముఖాన పడుతుంది. పైగా వెనకనున్న ఫ్యాన్ అడ్డొస్తోందని కొందరు రబ్బరు మూత తీసి పారేస్తున్నారు. వానలు పడేసరికి హెడ్‌లైట్‌లో తేమ చేరుతుంది.

కొనేవారి బాధ మాకు తెలుసు. పాత హాలోజన్ వెలుగులో రోడ్డు అంచు కనపడదు, స్పీడ్ బ్రేకర్ల మీద గీతలు చెరిగిపోయి ఉంటాయి. వాళ్లు కోరుకునేది భద్రతే. అయితే చాలాసార్లు లోపం బల్బులో ఉండదు. ఎండకు మసకబారిన లెన్సును పాలిష్ చేయించి, వైరింగులో వోల్టేజి పడిపోకుండా రిలే (బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు అందించే స్విచ్) వేయిస్తే అదే హాలోజన్ బాగా వెలుగుతుంది. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు దాన్ని తిప్పి బీమ్ కిందికి దించాలి. కారు అప్పగించే రోజున షోరూమ్ వాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరు?

వెనక లైట్ల సంగతీ ఇంతే. నాసిరకం ఎల్‌ఈడీలు పెడితే బ్రేకు వేసినా వేయకపోయినా వెలుగులో పెద్ద తేడా ఉండదు.

చట్టం లేక కాదు. హెడ్‌లైట్ వెలుగు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకుండా కిందికి వాలి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం చెబుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కీలక భద్రతా భాగాలుగా ప్రకటించినవాటిని ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మేవారికి లక్ష రూపాయల జరిమానా కూడా ఆ సవరణలోనే ఉంది. హెడ్‌లైట్ బల్బుల అమ్మకాలపై ఈ నిబంధనను గట్టిగా ప్రయోగించాలి. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో సరుకు యథేచ్ఛగా దొరుకుతుంటే దారిలో కార్లు ఆపి ఎన్ని చలానాలు రాసినా ఒరిగేదేమిటి?

జర్మనీ 2020లో మధ్యేమార్గం పట్టింది. పరీక్షించి ఆమోదించిన ఎల్‌ఈడీ బల్బులను, అవి నప్పుతాయని తేలిన కారు మోడళ్లలోనే అనుమతించింది. వాహనాలను, వాటి భాగాలను పరీక్షించే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థలున్న మనకు ఆ పని అసాధ్యం కాదు.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది. సొంత కార్లకు 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు కానీ, పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం దాదాపు అందరూ వెళ్లక తప్పదు. అక్కడే కారును గోడ ముందు నిలిపి డిమ్ వేయిస్తే వెలుగు కిందికి వాలుతోందో పైకి చిమ్ముతోందో ఇట్టే తెలిసిపోతుంది. పైకి చిమ్మితే వారం గడువిచ్చి, సరైన బల్బు వేయించుకుని రమ్మనాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు ఈ పద్ధతి తెచ్చేందుకు వెంటనే పూనుకోవాలి.