జరిమానా ఓటరుకేనా?

పోలింగ్ శాతం పడిపోయిన ప్రతిసారీ ఇదే పాట. ఓటు వేయనివారికి జరిమానా వేయండి, పాస్‌పోర్టు ఆపండి, పథకాలు కోసేయండి అంటూ మర్నాటికల్లా గొంతులు లేస్తాయి. చనిపోయినవారి పేరు జాబితాలోంచి తీయడం చేతకాని యంత్రాంగానికి, బతికున్నవారిని శిక్షించే అధికారం ఇమ్మని అడగడమే విడ్డూరం.

ఓటు తప్పనిసరి చేయాలనేవారి వాదనలో పస లేదనం. 1922లో 60 శాతం కూడా దాటని ఆస్ట్రేలియా పోలింగ్, 1924లో చట్టం వచ్చాక జరిగిన తొలి ఎన్నికల్లోనే 91 శాతం దాటింది. నెదర్లాండ్స్‌లో నిబంధన ఎత్తేశాక 1971లో అది 95 నుంచి 79 శాతానికి జారింది. ఒత్తిడి పెడితే జనం వస్తారు, సరే.

కానీ ఆస్ట్రేలియా పేరెత్తేవారికి అక్కడి 20 డాలర్ల జరిమానా తప్ప మరేదీ కనిపించదు. పేరు నమోదును తప్పనిసరి చేస్తూ 1911లోనే అక్కడ చట్టం తెచ్చారు. అంటే మొదట జాబితా, ఓటుపై నిర్బంధం ఆ తర్వాత. పోలింగ్ శనివారం పెడతారు. ముందస్తు కేంద్రాలు, పోస్టల్ ఓటు, ఆస్పత్రులకూ మారుమూల ప్రాంతాలకూ వెళ్లే సంచార బృందాలు ఉంటాయి. సొంత నియోజకవర్గం దాటి వెళ్లినా అదే రాష్ట్రంలో మరో కేంద్రంలో ఓటు వేయొచ్చు. ఇంత చేశాక కూడా, రానివారికి ముందు వెళ్లేది సంజాయిషీ కోరే నోటీసే. ఓటు వేశానని చెప్పొచ్చు, తగిన కారణం రాయొచ్చు, లేదా 20 డాలర్లు కట్టొచ్చు. ఓటు వేయకపోవడం తన మతధర్మమని నమ్మేవారికి ఆ నమ్మకమే చాలిన కారణం. బదులే ఇవ్వకపోతేనో, కారణం చెల్లక జరిమానా కూడా కట్టకపోతేనో అప్పుడు కోర్టు. రాజ్యం తన పని ముగించి, ఆ తర్వాతే పౌరుడిని ప్రశ్నిస్తోంది. మనవాళ్లకు నచ్చింది ఆ చివరి ముక్క ఒక్కటే!

లెక్క వేద్దాం. కోటిమంది ఓటర్లున్నచోట 60 శాతం పోలైతే, రానివారి పేరిట పంపాల్సిన నోటీసులు 40 లక్షలు. సగంమంది జవాబిచ్చినా పరిశీలించాల్సినవి 20 లక్షలు. ఒక అధికారి రోజుకు వంద చూసినా 20 వేల పనిదినాలు కావాలి. 200 మంది వేరే పనేదీ ముట్టకుండా వంద రోజులు కూర్చోవాలన్నమాట. పోలింగ్ కేంద్రంలో ఓటేసినవారి పేరుకు గీసే గీత హడావుడిలో ఒక వరుస కిందకు పడితే చాలు, ఓటేసిన మనిషికి నోటీసు వెళ్తుంది. తన పేరిట దొంగ ఓటు పడినవాడు మాత్రం బుద్ధిమంతుడిగా నమోదవుతాడు.

అసలు ఆ 60 శాతమే నిజమా? జాబితాలో వెయ్యి పేర్లుండి, అందులో 180 మంది చనిపోయినవారో, రెండుచోట్ల పేరున్నవారో, ఊరు మారినవారో అనుకుందాం. ఓటేసినవారు 600. కాగితం మీద 60 శాతమే, మిగిలిన 820 మందితో లెక్కిస్తే 73. ఆ తేడా ఓటరు బద్ధకం కాదు, కార్యాలయం బద్ధకం. దానికి జరిమానా ఎవరు కడతారు?

సేవలతో ముడిపెట్టడం ఇంకా ప్రమాదం. బ్రెజిల్‌లో ఓటు వేయక, కారణం చెప్పక, జరిమానా కట్టక ఉంటే పాస్‌పోర్టు రాదు, ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత ఉండదు. బొలీవియాలో ఓటేసిన ధ్రువపత్రం లేకుంటే 90 రోజులు బ్యాంకు పనులు నడవవు. పనికోసం వలసపోయినవాడి పేరు పాత ఊళ్లోనే ఉండిపోతే, ఈ తాళం పడేది మొదట అతడి మీదే. సొంత కారులో బూత్‌కు వెళ్లగలిగీ ఇంట్లో కూర్చున్నవాడికి జరిమానా చిల్లరతో సమానం. పెరూ కనీసం ప్రాంతం పేదరికాన్ని బట్టి జరిమానా తగ్గించింది. ఇక్కడి వీరులకు ఆ మాత్రం ఆలోచన కూడా లేదు.

గుజరాత్ ఈ ముచ్చట తీర్చుకోబోయింది. స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేసి, రూ.100 జరిమానా అంటూ 2015లో నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది హైకోర్టు స్టే ఇచ్చింది. నిర్బంధ ఓటు వద్దని లా కమిషన్ తన 255వ నివేదికలో చెప్పిందీ ఆ ఏడాదే. పైగా రహస్య ఓటింగ్ ఉన్నంతకాలం చట్టం మనిషిని బూత్‌దాకానే లాక్కురాగలదు, లోపల ఏం నొక్కాడో అడగలేదు. ఆస్ట్రేలియాలోనే 2022లో ప్రతినిధుల సభకు పడ్డ ఓట్లలో 5 శాతానికి పైగా చెల్లలేదు.

జరిమానా చట్టం రాయడానికి ఒక పూట చాలు. జాబితా సరిచేయడానికి ఏళ్లు, డబ్బు, మనుషులు కావాలి. అందుకే నాయకులకు మొదటిది ముద్దు. ఓటరును దండించాలని ఉబలాటపడేవారు ముందు మరో ముసాయిదా పట్టుకురండి. పేరు మార్పు దరఖాస్తుకు గడువు రాయండి, ఆ గడువు దాటితే అధికారి జీతంలోంచి ఎంత కోస్తారో రాయండి. పోలింగ్ రోజు సెలవివ్వని యజమానికి ఏం శిక్షో రాయండి. అది సభలో నెగ్గించుకుని, అప్పుడు ఓటరు దగ్గరకు రండి.