ఎన్ని గళ్లు మారాయో చెప్పని కోడు

గళ్ల పట్టికలో కొంత భాగాన్ని ఎంచుకొని అందులోని విలువలను ఒక్కసారిగా మార్చడం ప్రోగ్రామింగులో తొలి పాఠాల్లోనే నేర్పే పని. అందుకేనేమో దాన్ని ఎవరూ ఒక పనిగా లెక్కపెట్టరు. అల్లూరు నుంచి మా పెదనాన్న తెల్లవారుజామున ఫోను చేసేదాకా నేనూ లెక్కపెట్టలేదు.

ఆయనవి 12 రొయ్యల గుంటలు. మేత లెక్కల కోసం పైథాను అనే ప్రోగ్రామింగు భాషలో ఒక చిన్న ప్రోగ్రాము నేనే రాసిచ్చాను. అడ్డువరుసకొక తేదీ, నిలువువరుసకొక గుంట, గడిలో ఆనాడు వేయవలసిన మేత కిలోలు. ముసురు పట్టినప్పుడు రొయ్య సరిగా తినదు, తినక వదిలేసిన మేత అడుగున కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది కాబట్టి, వాయుగుండం వార్త వినగానే పెద్ద రొయ్య ఉన్న 4వ గుంట నుంచి 9వ గుంట దాకా, 46వ వరుస నుంచి 50వ వరుస దాకా మేతను 30 శాతం తగ్గించమన్నారు. తగ్గించాననే అనుకున్నాను. రొయ్య ఎంత తిన్నదో చూసేందుకు గుంటలోకి దించే చెక్ ట్రేలో మేత మిగిలిపోవడం చూసి అనుమానంతో ఫోను తెరిచిన పెదనాన్న, "తొమ్మిదో గుంటకి పాత మేతే చూపిస్తా ఉండాదే, అబ్బయా" అన్నారు.

తప్పు నాదే. పైథానులో లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక 4వ గుంట సంఖ్య 3, 9వ గుంట సంఖ్య 8. నేను 3:8 అని రాశాను. ఆ పద్ధతిలో చివరి సంఖ్య లోపలికి రాదు, కాబట్టి 3:9 అని రాయాలి. వరుసల దగ్గర మాత్రం 45:50 అని సరిగ్గానే రాశాను, అందుకే నా మీద నాకు మరీ కోపం వచ్చింది. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. మన దస్తావేజుల్లో తూర్పు హద్దుగా రాసేది మన కయ్యను కాదు, పక్కవారి కయ్యను, ఇదీ అంతే. చివరి సంఖ్యలోంచి మొదటిది తీసేస్తే ఎన్ని ఉన్నాయో తెలుస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లోనే వాదించారు. ఇబ్బందల్లా, ఎక్సెల్‌లో డి46:ఐ50 అంటే రెండు కొసలూ లోపలే ఉంటాయి. పట్టికల కోసం పైథానులో వాడే పాండాస్ అనే ఒకే లైబ్రరీలో (ముందే రాసిపెట్టిన కోడు) పేర్లతో ఎంచుకునే లోక్ చివరిదాన్ని కలుపుకుంటుంది, స్థానం సంఖ్యలతో ఎంచుకునే ఐలోక్ కలుపుకోదు.

నా అసలు ఫిర్యాదు హద్దుల మీద కాదు, మౌనం మీద. లేని గడిని ఒక్కదాన్ని అడిగితే పైథాను వెంటనే తప్పు చూపిస్తుంది. అదే నంపై అనే మరో పైథాను లైబ్రరీతో చేసిన 12 నిలువువరుసల పట్టికలో 9:20 అని అడిగితే ఉన్న మూడింటినే మార్చి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మూడు వరుసల జాబితా, మూడు గుంటల జాబితా కలిపి ఇస్తే 9 గళ్లు మారతాయని ఎవరైనా అనుకుంటారు. నంపై వాటిని మొదటి వరుసకు మొదటి గుంట, రెండోదానికి రెండోది అన్నట్టు జతలుగా తీసుకొని మూడింటినే మారుస్తుంది. తొమ్మిదీ కావాలంటే నంపైలోనే ఉన్న ఐఎక్స్_ అనేదాన్ని వాడాలి. మామూలు పైథాను జాబితాతో ఖాళీ వరుసను ఒకదాన్ని తయారుచేసి, గుణకారం గుర్తుతో 120 వరుసలు చేశామనుకునేవారి సంగతి ఇంకా దారుణం. అక్కడ ఉన్నది ఒకే వరుస, పేర్లు మాత్రమే 120. ఒక గడి మారిస్తే 120 చోట్లా మారినట్టు కనిపిస్తుంది.

వీటన్నిటికీ నేను ఇప్పుడు చేస్తున్న పని ఒకటే. పట్టికను మార్చే కోడు ఎక్కడపడితే అక్కడ కాకుండా ఒకే ఫంక్షనులో, అంటే పేరు పెట్టి పిలిచే ఒకే కోడు ముక్కలో, ఉంటుంది. అది గుంటలను పెదనాన్న పిలిచే అంకెలతోనే తీసుకుంటుంది, రెండు కొసలూ కలిపే. మార్చేముందు పట్టికకు నకలు తీసి, మార్చాక రెంటినీ పోల్చి, ఎన్ని గళ్లు మారాయో చెబుతుంది. 5 రోజులు, 6 గుంటలు అంటే 30 రావాలి. ఆ రోజు ఈ లెక్క ఉండి ఉంటే 25 అని వచ్చేది, నేను అక్కడికక్కడే తల పట్టుకునేవాణ్ని. పంట పట్టేసిన గుంటలో మేత ముందే సున్నా కనుక అక్కడ లెక్క తగ్గుతుంది, నిజమే. ఆ తేడాను కూడా ఒకసారి కళ్లతో చూడటం మంచిదే.

ఇంటర్వ్యూ శిక్షణవారు ఈ సంగతి వదిలేసి పట్టికలో చాలా భాగాలకు ఒక్కో విలువ కలపవలసి వస్తే వాడే నాలుగు మూలల కిటుకును మంత్రంలా నేర్పిస్తున్నారు. కిటుకు గొప్పదే. 1000 వరుసలు, 1000 నిలువువరుసలు ఉన్న పట్టికలో 10 లక్షల గళ్లుంటాయి. ప్రతి మార్పుకూ వేల గళ్లు తిరగకుండా నాలుగు చోట్ల మాత్రమే కూడికా తీసివేతా రాసుకొని, చివర ఒక్కసారి కూడుకుంటూ పోతే సరిపోతుంది. కానీ అది కలపడానికే పనికొస్తుంది, 30 శాతం తగ్గించడానికి నేరుగా పనికిరాదు. పైగా తీసివేత రాయవలసిన మూల ఒకటి మరిచిపోతే ఆ విలువ వరుస కొసదాకా, తెగిన కాలవలో నీళ్లలా, పారిపోతుంది. హద్దు పట్టుబడని పిల్లవాడి చేతికి ముందు ఇది ఇవ్వడం నాకు నచ్చదు.

ఇప్పుడు పెదనాన్న ఫోనులో "30 గళ్లు మారాయి, సరేనా?" అని వస్తుంది. ఆయన గట్టుమీద నిలబడి, గుంటలవైపు వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకొని, ఆ తరువాతే సరే నొక్కుతారు.