కాక్‌పిట్‌లోకి తొంగిచూడని అభిమానం దేనికి?

యుద్ధ విమానాల పిచ్చి ఉన్నవాళ్లను కదిలిస్తే చాలు, అంకెలు ధారగా వస్తాయి. అమెరికా నిఘా విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో చేరి, దిగగానే స్మిత్సోనియన్ మ్యూజియం సొంతమైందని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతారు. టాప్ స్పీడ్ ఎంత, రేంజ్ ఎంత, ఎన్ని బాంబులు మోస్తుంది... మ్యూజియాలూ ఆ ఆకలికి తగ్గట్టే బోర్డులు రాయించి పెడతాయి. చదివేసి, ముక్కు దగ్గర నిలబడి ఒక ఫొటో దిగి పక్క విమానానికి వెళ్లిపోతాం.

ఈ ఇష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది సగంలోనే ఆగిపోతోందన్నదే నా ఫిర్యాదు. యుద్ధ విమానాలు ప్రపంచానికి ఇచ్చిన అతి విలువైన సంగతి వేగం పక్కన రాసి ఉండదు. పైలట్ చేతికి అందే స్విచ్‌ల దగ్గర ఉంటుంది.

అమెరికాలోని డేటన్‌లో వైమానిక దళపు జాతీయ మ్యూజియం ఉంది. 2018 నుంచి అక్కడ ‘మెంఫిస్ బెల్’ అనే బి-17 బాంబర్ ప్రదర్శనలో ఉంది. జనం ముందుగా చూసేది దాని ముక్కు మీద గీసిన అమ్మాయి బొమ్మనే. ఈ మ్యూజియం ఉన్నది పాత రైట్ ఫీల్డ్ స్థలంలో. 1935 అక్టోబర్ 30న అదే రైట్ ఫీల్డ్‌లో బి-17కు తొలి నమూనా అయిన బోయింగ్ మోడల్ 299 పైకి లేచిన కాసేపటికే కూలి తగలబడింది. నడిపింది కొత్తవాడేమీ కాదు, సైన్యంలో పేరున్న టెస్ట్ పైలట్ మేజర్ ప్లోయర్ హిల్. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కొట్టుకోకుండా వేసే లాక్‌ను తీయడం మర్చిపోయారు. హిల్‌తో పాటు బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ కూడా ప్రాణాలు కోల్పోయారు.

పైలట్ తప్పిదమని ఫైలు మూసేయడం చాలా తేలిక. కానీ మిగిలిన పైలట్లు ఒక ప్రశ్న వేసుకున్నారు: హిల్ అంతటివాడే మర్చిపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు? జ్ఞాపకాన్ని నమ్ముకోవడం మానేసి, చేయాల్సినవన్నీ కాగితం మీద రాసుకున్నారు. నేటి పైలట్ చెక్‌లిస్ట్ అలవాటు అక్కడే స్థిరపడింది. ఆ తర్వాత బి-17లు పన్నెండు వేలకు పైగా తయారయ్యాయి.

కథ అక్కడితో అయిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవే బాంబర్లు క్షేమంగా దిగి, రన్‌వే మీద ఉండగా ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడేవి. రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలను (ఫ్లాప్స్) ఎత్తబోయి పైలట్లు చక్రాలు ఎత్తేస్తున్నారు! అల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. సి-47 రవాణా విమానంలో అవి వేర్వేరుగా ఉండేవి, అక్కడ ఈ బెడద లేదు. చక్రాల స్విచ్‌కు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ స్విచ్‌కు రెక్క ఆకారపు ముక్క తగిలించాడు, అంతే. ఇవాళ్టి ప్రయాణికుల విమానాల్లోనూ ల్యాండింగ్ గేర్ లివర్ చివర చక్రం ఆకారమే ఉంటుంది.

యుద్ధం ముగిశాక, 1947లో, మనస్తత్వవేత్తలు పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ‘పైలట్ తప్పిదం’ ఖాతాలో పడ్డ 460 అనుభవాలను పోగేసి పరిశీలిస్తే, ఒక కంట్రోల్ అనుకుని ఇంకొకటి పట్టుకోవడం వంటివే పదేపదే కనిపించాయి. ఇంకో మూడేళ్లకు వైమానిక దళ పరిశోధకుడు గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల శరీర కొలతలు ముందేసుకున్నాడు. పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో తెలుసా? ఒక్కరూ లేరు. సగటు మనిషి కోసం చేసిన సీటు నిజానికి ఎవరికీ సరిపోదని తేలింది. సీటు, పెడల్స్ మనిషిని బట్టి జరుపుకునేలా మారింది ఆ తర్వాతే. ఈ పరిశోధనలు జరిగిందీ ఆ రైట్ ఫీల్డ్ ఆవరణలోనే. ముక్కు మీది బొమ్మకు ఉన్న గిరాకీలో పదో వంతు కూడా వీటికి లేదు.

ఈ మ్యూజియాలు యుద్ధాన్ని అందంగా చూపిస్తాయన్న విమర్శ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో నిజం లేకపోలేదు. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానంతో 1995లో ప్రదర్శన పెట్టాలని స్మిత్సోనియన్ తలపెడితే, బాంబు వల్ల ఏం జరిగిందో చెప్పే భాగం మీద మాజీ సైనికుల సంఘాలు మండిపడ్డాయి. మొదటి ప్రణాళిక రద్దయింది, డైరెక్టర్ రాజీనామా చేశారు. చివరికి కథంతా తీసేసి విమానాన్ని మిగిల్చారు. అయితే దీనికి మందు తలుపులు మూయడం కాదు, ఆ తీసేసిన కథను తిరిగి పెట్టడం. మెరుగు పెట్టిన లోహం తప్ప ఇంకేమీ చూపించనప్పుడే కదా యుద్ధం అందంగా కనిపించేది.

నన్ను అసలు కలవరపెట్టేది మ్యూజియం బయటి సంగతి. రైలు పట్టాలు తప్పినా, ఆసుపత్రిలో ఒకరి మందు ఇంకొకరికి ఎక్కినా, ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనా సాయంత్రానికల్లా ‘మానవ తప్పిదం’ అన్న మాట వచ్చేస్తుంది. ఒకరిని సస్పెండ్ చేస్తారు, పని అయిపోయిందనిపిస్తారు. ఆ రెండు సీసాలూ ఒకేలా ఎందుకున్నాయి, ఆ మనిషి ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడు అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. ఎనభై ఏళ్ల కిందట, యుద్ధం జరుగుతుండగా, ఆ హడావుడిలోనూ ఒక సైన్యం అడగగలిగిన ప్రశ్న ఇది. ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్ట్ తెచ్చింది 2008లో. మోడల్ 299 కూలిన 73 ఏళ్లకు!

కాబట్టి మ్యూజియాలు బోర్డులు మార్చాలి. టాప్ స్పీడ్ కింద ఇంకో రెండు వరుసలు చాలు: ఈ విమానం పైలట్లను ఎక్కడ తికమక పెట్టింది, దాన్ని ఎలా సరిదిద్దారు. ఎఫ్-16 పక్కన మిసైళ్ల జాబితాతో పాటు, దాని కంట్రోల్ స్టిక్ మొదట్లో అసలు కదిలేదే కాదని, ఎంత బలంగా నొక్కారో మాత్రమే గ్రహించేదని, పైలట్లు చేతికి ఏమీ తెలియడం లేదని మొత్తుకుంటే అప్పుడు కొంచెం కదిలేలా చేశారని రాయండి. అభిమానులూ అడగడం మొదలుపెట్టాలి. నిచ్చెన వేసి కాక్‌పిట్ చూపించే రోజులు కొన్ని మ్యూజియాల్లో ఉంటాయి. డేటన్ వాళ్లయితే చాలా విమానాల కాక్‌పిట్లను చుట్టూ తిప్పి చూసేలా ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఈసారి అందులో చక్రాల స్విచ్ ఎక్కడుందో, దాని పక్కన ఏముందో వెతకండి.