డబ్బు పెట్టి కొనలేని సైన్స్ ప్రాజెక్ట్

హైదరాబాద్‌లో పిల్లల బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందంటే చాలామంది తల్లిదండ్రులు కోఠీలోని గుజరాతీ గల్లీకి బయల్దేరతారు. మోటర్లు, బ్యాటరీలు, ఎల్‌ఈడీలు, సెన్సర్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. అది మంచిదే. ఆ గల్లీలో తిరిగి, బేరమాడి, తనకు కావలసిన ముక్క ఏదో తెలుసుకుని కొనుక్కోవడం కూడా చదువే. నా బాధ దాని తర్వాత జరిగేదాని గురించి. డబ్బులిస్తే ప్రాజెక్ట్ మొత్తం చేసి, చార్టు రాసి, పిల్లవాడు జడ్జిల ముందు చెప్పాల్సిన నాలుగు మాటలు కూడా కాగితం మీద పెట్టి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. పిల్లవాడు దాన్ని బల్ల మీద పెడతాడు, స్విచ్ నొక్కుతాడు, బట్టీ పట్టింది అప్పజెబుతాడు. బహుమతి కూడా వస్తుంది. సైన్స్ మాత్రం ఆ ఇంటి గడప తొక్కదు.

అందుకే ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘం సభ్యులను ఒకటి అడుగుతున్నాను. హైదరాబాద్ బడులకు ఏదైనా చేయాలనుకుంటే, చైన్ రియాక్షన్ మెషీన్ పోటీ పెట్టండి. గోళీ దొర్లి, వరసగా నిలబెట్టిన పలకల్లో (డామినోల్లో) మొదటిదాన్ని తడుతుంది, చివరి డామినో పడి దారాన్ని లాగుతుంది, దారం వదిలిన బరువు ఇంకో మీటను నొక్కుతుంది, చివరకు ఒక గంట మోగుతుంది. పని చిన్నది, దారి పెద్దది. అమెరికాలో దీన్ని రూబ్ గోల్డ్‌బర్గ్ పేరుతో పిలుస్తారు. ఆయన 1904లో బర్క్లీలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలనలో నీళ్ళు, మురుగు కాల్వల విభాగంలో కొన్నాళ్ళు పనిచేసి, అది మానేసి ఇలాంటి యంత్రాల కార్టూన్లు గీశాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ బొమ్మల్లోని యంత్రాలను నిజంగా కడుతూ 1949లోనే పోటీ పెట్టుకున్నారు. ఇక్కడ మన పిల్లలు కొందరు సైన్స్ ఒలింపియాడ్‌లో ‘మిషన్ పాజిబుల్’ పేరుతో ఇలాంటివి కట్టే ఉంటారు.

దీన్ని ఎందుకు కొనుక్కోలేరంటే, లెక్క చూడండి. ఒక్కో స్టెప్పు వందకు 95 సార్లు సరిగ్గా పనిచేస్తుందనుకుందాం. పరీక్షలో 95 అంటే మనవాళ్ళు స్వీట్లు పంచుతారు. అలాంటివి 20 స్టెప్పులు వరసగా పెడితే మెషీన్ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడిచే అవకాశం 36 శాతమే. ఒక్కో స్టెప్పును 99కి తెస్తే అది 82కి చేరుతుంది. 95కీ 99కీ మధ్య ఉన్న ఆ నాలుగు మార్కుల్లోనే పిల్లల సాయంత్రాలన్నీ గడిచిపోతాయి. దారం అర అంగుళం వదులైనా, అట్టముక్క తేమకు వంగినా, పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నా ఆగిపోతుంది. హైదరాబాద్ ఎండలో ఫ్యాన్ ఆపి పనిచేయడం ఎంత కష్టమో అక్కడ పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎవరో చేసిన మెషీన్‌ను ఆటోలో వేసుకుని బడికి తెస్తే, దించగానే సగం ముక్కలు జరిగిపోయి ఉంటాయి. ఎక్కడ ఏం జరిగిందో కట్టిన చేతికే తెలుస్తుంది.

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతిలో తన స్నేహితులతో కలిసి ఒకటి కట్టింది. క్యారమ్స్ స్ట్రైకర్లు, కోసిన పీవీసీ పైపులు, సైకిల్ బేరింగ్ గోళీలు, పెళ్ళి కార్డుల అట్టలు. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, బడి హాల్లో మాత్రం గోళీ ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేది. నేను వంగి పైపు సర్దబోతే “బాబాయ్, మీరు ముట్టుకోకండి, మాకు కారణం కావాలి” అంది. వాళ్ళే కూర్చుని ఒక్కో స్టెప్పూ విడిగా నడిపి చూశారు. కడిగిన నీళ్ళు తలుపు వైపు పోవడానికి ఆ హాలు నేల వాలుగా వేశారని చివరికి తేలింది. పక్క బిల్డింగ్‌లో పనిచేస్తున్న తాపీమేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చుకుని, బల్ల కాళ్ళ కింద అట్టలు పెట్టి సరిచేశారు. ఐఐటీ ఫౌండేషన్ పుస్తకంలో వాలు తలం లెక్కలు వాళ్ళు బోలెడు చేశారు. వాలు తలం తమ కాళ్ళ కిందే ఉంటుందని ఆ రోజు తెలిసింది. అయినా ఆ ఏడాది మొదటి బహుమతి థర్మాకోల్‌తో అందంగా చేసిన ఒక అగ్నిపర్వతానికి వెళ్ళింది. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

పిల్లలు దీంట్లో నేర్చుకునే ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. మొదట వేలితో తోసిన తోపే చివరిదాకా ప్రయాణిస్తుందని పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. కాదు. నిలబెట్టిన ప్రతి డామినోలోనూ, పైకెత్తి కట్టిన ప్రతి బరువులోనూ దాన్ని అక్కడ పెట్టిన చెయ్యి దాచిన శక్తి ఉంటుంది. ముందరి స్టెప్పు దాన్ని విడుదల చేస్తుంది, అంతే. ఒక డామినో తనకంటే ఒకటిన్నర రెట్లు పెద్దదాన్ని పడగొట్టగలదని 1983లో భౌతిక శాస్త్రవేత్త లోర్న్ వైట్‌హెడ్ చూపించాడు. 5 సెంటీమీటర్ల ముక్కతో మొదలుపెడితే తొమ్మిదోది మీటరు దాటుతుంది. స్థితిశక్తి అన్న మాటను పదిసార్లు రాయించే బదులు ఆ తొమ్మిది ముక్కలను పిల్లల చేతే నిలబెట్టించాలి.

డబ్బు సంగతికొస్తే, దారులు లేకపోలేదు. బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం పెట్టిన ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థికి కేంద్రం 10,000 రూపాయలిస్తుంది. పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకోవడానికి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 2016 నుంచి వస్తున్నాయి. రాయదుర్గంలో కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ కేంద్రం ఉంది. పిల్లలకు దొరకనిది తాళం వేయని ఒక గది, సాయంత్రం కట్టింది పొద్దున దాకా కదపకుండా ఉంచే అవకాశం. బడి అయిపోగానే గది ట్యూషన్‌కు పోతుంది, బల్లలు పక్కకు జరుపుతారు, రెండు రోజుల పని చెదిరిపోతుంది. మనం కిట్లు పంపే బదులు బడితో మాట్లాడి ఒక నెల పాటు ఆ గది ఇప్పిస్తే అంతకంటే మేలు ఉండదు.

రూల్స్ కూడా మనమే రాసివ్వాలి. మెషీన్ బడిలోనే, ఆ రోజే, పిల్లలే విప్పి మళ్ళీ కట్టాలి. పెద్దవాళ్ళు గీత దాటి లోపలికి రాకూడదు. మూడు అవకాశాలు, మధ్యలో చెయ్యి తగిలితే కొన్ని మార్కులు కోత. అలంకరణకు మార్కులు వద్దు. ఎక్కువ మార్కులు నోట్‌బుక్‌కు ఉండాలి: ఏ రోజు ఏది ఆగింది, ఎందుకనుకున్నారు, ఏం మార్చారు. జడ్జి ఒక ముక్కను కావాలనే కాస్త జరిపి, ఎక్కడ తేడా వచ్చిందో కనుక్కోమనాలి. కట్టినవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి చాలా బడుల్లో ఎలాగూ ఎగ్జిబిషన్ ఉంటుంది. మార్చిలో పరీక్షలు. కాబట్టి ఈ రూల్స్ దసరా సెలవులకు ముందే బడులకు అందాలి. డిసెంబర్‌లో ఇంటికి వెళ్ళేవాళ్ళు తలా ఒక బడికి ఒక మధ్యాహ్నం ఇవ్వగలిగితే, మీ పేరు, మీరు వెళ్ళే పేట, తేదీలు సంఘం కార్యదర్శికి పంపండి.